పురుగును చంపే పురుగు కోసం మన మట్టిలోనే వెతకాలి

మా వైపు శనక్కాయ చేను రెండు రకాలుగా ఎండుతుంది. వాన రాక ఎండితే చేనంతా ఒకేసారి తల వాలుస్తుంది. వేరుపురుగు పడితే అలా కాదు. పచ్చటి చేలో అక్కడొక చాప, ఇక్కడొక చాప పరిచినట్టు పసుపు మచ్చలు లేస్తాయి. ఆ మచ్చలో మొక్కను రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, నేలతో సంబంధమే లేనట్టు చేతికి వచ్చేస్తుంది. కింద మట్టిని జానెడు లోతు గీకితే తెల్లటి లావుపాటి పురుగు కొడవలిలా ముడుచుకుని పడుకుని ఉంటుంది. తల గోధుమరంగు, తోక వైపు కడుపులో ఉన్న మట్టి వల్ల నల్లగా. కదిరి దగ్గర మా చేలో ఆ పురుగుల్ని డబ్బాలోకి ఏరడమే చిన్నప్పుడు ఆగస్టులో నా పని. ఏరినవి కోళ్లకు వేసేవాళ్లం.

దీని తల్లి తొలకరి వానకు నేలలోంచి లేచే పెంకుపురుగు. చీకటి పడగానే వేపచెట్ల మీదా రేగుచెట్ల మీదా వాలి ఆకు తింటుంది, తెల్లవారకముందే మళ్లీ మట్టిలోకి దిగి గుడ్లు పెడుతుంది. ఆ నాలుగైదు రాత్రుల్లో కొమ్మలు దులిపి, రాలినవాటిని ఏరి చంపితే సగం పీడ పోతుంది. కానీ ఊరంతా కలిసి చెయ్యాలి. మనం ఒక్కరమే దులిపితే పక్క చేని గట్టు మీది వేపచెట్టు పురుగు వచ్చి మన చేలో గుడ్లు పెడుతుంది. ఊరు కలవని ఏడాది నాయన ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు తెచ్చేవాడు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. గుళికలు చల్లిన రోజు అమ్మ మమ్మల్ని చేను వైపు పోనిచ్చేది కాదు, మేకల్ని కట్టేసేది. 2018లో కేంద్రం ఇచ్చిన ఆదేశంతో 2020 చివరికి ఫోరేట్ ఆగిపోయింది. ఆగడం మంచిదే. అయితే మందు ఆపినంత మాత్రాన వేరుపురుగు ఆగదు కదా. దాని స్థానంలో ఏం పెడతాం అన్న ప్రశ్నకు రైతుకు దొరికిన జవాబు చాలాచోట్ల ఇంకో డబ్బా, ఇంకో పేరు.

నా దృష్టిలో ఆ జవాబులో పెద్ద భాగం మట్టిలోనే ఉంది. కంటికి ఆనని ఒక నులిపురుగు రూపంలో ఉంది. అది తనకు అలవాటైన ఎండా నేలా ఉన్నచోటే సరిగ్గా పనిచేస్తుంది, కాబట్టి మన ఎండకు, మన ఎర్రనేలకు సరిపోయేదాన్ని మనమే వెతికి, పేరు పెట్టి, బతికించుకోవాలి. ఈ వెతుకులాటను కాలక్షేపంగానో, పేపర్లు అచ్చేసుకునే పనిగానో చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ కోసమే ఇది రాస్తున్నాను.

నులిపురుగు అన్న మాటకు మన దగ్గర మంచి పేరు లేదు. పిల్లల కడుపులో పడేవీ అవే, టమాటా వేళ్లకు బుడిపెలు కట్టించేవీ అవే. గొర్రెలకు నట్టల మందు తాపించేవాళ్లకు దాని బంధువుల సంగతి బాగా తెలుసు. అందుకే నేను మొదటిసారి ఈ మాట ఎత్తితే నాయన చేతిలో ఉన్న తలగుడ్డ విదిలించి, "పురుక్కి విరుగుడు మళ్లీ పురుగునే పొయ్యమంటావా?" అన్నాడు. అడగాల్సిన మాటే. దానికి నేను చెప్పిన జవాబు ఇది.

మట్టిలో స్టైనర్నీమా, హెటెరోరాబ్డిటిస్ అని రెండు కుటుంబాల నులిపురుగులున్నాయి. ఇవి మొక్క వేరు జోలికి పోవు, వానపాము జోలికి పోవు. కీటకాల్ని మాత్రమే వేటాడతాయి. వేటకు బయల్దేరే దశలో దాని పొడవు అర మిల్లీమీటరు, కొంచెం అటూ ఇటూ. నోరు మూసుకునే ఉంటుంది, ఏమీ తినదు. పేగులో మాత్రం ఒక రకం బ్యాక్టీరియాను దాచుకుని తిరుగుతుంది. పురుగు నోట్లోంచో, వెనక నుంచో, ఊపిరి రంధ్రాల్లోంచో లోపలికి దూరి ఆ బ్యాక్టీరియాను రక్తంలోకి వదులుతుంది. రెండు రోజుల్లో పురుగు చస్తుంది. అప్పుడు ఈ రెండూ కలిసి ఆ శవం మీద కాపురం పెడతాయి. బ్యాక్టీరియా శవాన్ని కుళ్లనివ్వదు, వేరే సూక్ష్మజీవుల్ని రానివ్వదు, చీమల్ని సైతం దగ్గరికి రానివ్వని పదార్థాలు వదులుతుంది. నులిపురుగు ఆ బ్యాక్టీరియానే తిని పిల్లల్ని పెడుతుంది. రెండు వారాలు తిరిగేసరికి ఒక్క లావుపాటి పురుగు శవంలోంచి లక్షకు పైగా పిల్లలు కొత్త వేటకు బయటికొస్తాయి.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు దీన్ని నా కళ్లతో చూశాను. పద్ధతి చాలా సులువు, 1975లో ఆస్ట్రేలియాలో బెడ్డింగ్, అఖర్‌స్ట్ అనే ఇద్దరు దీన్ని వాడుకలోకి తెచ్చారు. చేని మట్టిని కొంచెం తడిపి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, తేనెపట్టులో మైనం తినే పురుగుల్ని ఐదారు అందులో పెట్టి మూత వెయ్యాలి. మైనపు పురుగు మెత్తది, వ్యాధికి తొందరగా లొంగుతుంది. మట్టిలో వేటగాడుంటే దాన్ని వదలడు. మా ఊరి చుట్టుపక్కల నుంచి పన్నెండు చోట్ల మట్టి తెచ్చి పన్నెండు డబ్బాలు పెట్టాను. మూడో రోజు చూస్తే పదకొండు డబ్బాల్లో పురుగులు హాయిగా గూళ్లు అల్లుకుంటున్నాయి. మా చేని మట్టి పెట్టిన డబ్బాలోనూ అంతే, ఏళ్ల తరబడి గుళికలు తిన్న మట్టి అది. పన్నెండోది పక్క చేని మామ వాళ్ల పాత మామిడితోటది. అందులో నాలుగు పురుగులు చచ్చి ఉన్నాయి. కుళ్లలేదు, వాసన లేదు, మెత్తబడలేదు. కొత్త ఇటుక రంగులో ఎర్రగా మెరుస్తున్నాయి. హెటెరోరాబ్డిటిస్ పట్టిన పురుగు రంగు అదే. స్టైనర్నీమా పడితే లేత గోధుమరంగుకు తిరుగుతుంది.

ఆ రాత్రి ల్యాబులో లైట్లన్నీ ఆర్పి పది నిమిషాలు చీకట్లో కూర్చున్నాను. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఆ శవాలు సన్నగా వెలగడం కనిపించింది. దీనిలోని బ్యాక్టీరియా ఫోటోరాబ్డస్, వెలుగునిచ్చే జాతి. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక వాక్యం. మా ఊరి మట్టిలోంచి వచ్చిన వెలుగును చూస్తుంటే మాత్రం గొంతు పట్టేసింది. తర్వాత శవాన్ని తడి కాగితం మీద పెట్టి చుట్టూ నీళ్లు పోశాను. పన్నెండో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఖాళీ లేకుండా మెలికలు తిరుగుతున్న పిల్లలు.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. ఈ వేటగాళ్ల గురించి తెలిసి దాదాపు వందేళ్లవుతోంది. 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గోల్ఫ్ మైదానంలో రుడాల్ఫ్ గ్లేజర్ అనే శాస్త్రవేత్తకు చచ్చిపడి ఉన్న జపాన్ పెంకుపురుగు పిల్లలు కనిపించాయి. అది మన వేరుపురుగుకు దాయాది, పచ్చిక వేళ్లు తినేది. వాటిలో దొరికిన నులిపురుగుకే తర్వాత స్టైనర్నీమా గ్లాసెరి అని పేరొచ్చింది. ఆయన దాన్ని కృత్రిమ ఆహారం మీద పెంచి పొలాల్లో వదిలాడు. ఫలితం ఒకచోట బాగా, ఒకచోట అంతంతమాత్రంగా వచ్చింది. కారణం ఆయనకు తెలియదు. పెంచేటప్పుడు ఆహారం పాడవకుండా వేసిన మందులు పేగులోని బ్యాక్టీరియాను చంపేశాయి. ఆయుధం లేని సైనికుల్నే ఆయన పొలంలోకి పంపాడన్నమాట. ఆ బ్యాక్టీరియా సంగతి శాస్త్రం గుర్తించేసరికి 1960లు వచ్చాయి. ఈలోగా డీడీటీ వచ్చింది, మట్టిలో పురుగు కోసం వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మన దేశానికి ఈ విద్య 1966లో డీడీ-136 అనే అమెరికా రకంతో వచ్చింది. అది స్టైనర్నీమా కార్పోకాప్సే జాతిది, అక్కడి ఆపిల్ కాయతొలుచు పురుగులో దొరికింది. ఇక్కడ వరి, చెరకు, ఆపిల్ పురుగుల మీద పరీక్షించారు. రైతు చేతికి మాత్రం అందలేదు. 25 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉండే జాతి అది. ఎండాకాలం చివర మా ఎర్రనేల పైపొరను చేత్తో ముట్టుకుంటే కాలుతుంది. వానాకాలంలో సైతం రెండు వారాలు వాన మొహం చాటేస్తే తడి అడుక్కి పోతుంది. అలాంటి నేలలో చల్లటి దేశపు జీవిని వదిలి ఫలితం రాలేదంటే తప్పు ఎవరిది?

వేడి ఒక్కటే కాదు, వేట పద్ధతి కూడా జాతికొక రకం. కార్పోకాప్సే మాటు వేసేది. నేల పైన తోక మీద నిలబడి, గాలిలో ఊగుతూ, అటుగా నడిచే పురుగు మీదికి ఎగబాకుతుంది. నేల మీద పాకే లద్దె పురుగుకు అది బాగా సరిపోతుంది. వేరుపురుగు జానెడు లోతులో కదలకుండా పడుకునే రకం. దాని దగ్గరికి నడిచి వెళ్లి వెతికే జాతి కావాలి. గ్లాసెరి, హెటెరోరాబ్డిటిస్ జాతులు అలా తిరిగి వెతికేవి. పైగా వేరుపురుగుకు రక్షణలు చాలా ఉన్నాయి. దాని ఊపిరి రంధ్రాలకు జల్లెడలాంటి మూతలుంటాయి. హెటెరోరాబ్డిటిస్‌కు ఒక చిన్న పన్ను ఉంటుంది, దాంతో పలచటి చర్మాన్ని గీరి దారి చేసుకోగలదు. ఇన్ని తేడాలున్న జీవుల్ని "నెమటోడ్ మందు" అని ఒకే పేరుతో పిలిచి, ఒకచోట పనిచెయ్యలేదని మొత్తాన్నీ కొట్టిపారేశాం. కొడవలితో చెట్టు కొట్టబోయి ఇనుము పనికిరాదన్నట్టుంది ఇది.

వెతికినవాళ్లకు దొరికాయి. టెక్సస్‌లో రియో గ్రాండే నది లోయ మొక్కజొన్న చేలల్లో మట్టిలోని ప్యూపాల (రెక్కలు రాకముందు కదలకుండా పడి ఉండే దశ పురుగుల) నుంచి దొరికిన జాతికి 1994లో స్టైనర్నీమా రియోబ్రేవ్ అని పేరు పెట్టారు. ఎండనేలలో పుట్టింది కాబట్టి 35 డిగ్రీల్లో కూడా వేటాడుతుంది. ఫ్లోరిడా బత్తాయి తోటల్లో వేళ్లు తినే ముక్కుపురుగు మీద దాన్నే వాడారు. టెక్సస్‌లో దొరికిన ఆ ప్యూపాల్లో మన మొక్కజొన్నను 2018 నుంచి పీడిస్తున్న కత్తెర పురుగువి కూడా ఉన్నాయి. ఫ్లోరిడాకే దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన మోల్ క్రికెట్లను, అంటే నేల తవ్వే కీచురాళ్లను, చంపే నులిపురుగు కోసం ఉరుగ్వే దాకా వెళ్లారు. అక్కడ దొరికిన స్టైనర్నీమా స్కాప్టెరిస్కి జాతిని 1985 నుంచి వదిలితే అది నేలలో పాతుకుపోయి తన పని తాను చేసుకుపోయింది. మొన్న 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ వాళ్లు థాయ్‌లాండ్ మట్టిలోంచి వచ్చిన కొత్త జాతిని ప్రకటించారు, పేరు స్టైనర్నీమా ఆడమ్‌సి. వేడీ తేమా ఉన్న చోట్ల, మిగతా జాతులు తట్టుకోలేని చోట్ల ఇది పనికొస్తుందని వాళ్ల ఆశ. నాకు సంతోషం వేసింది, కొంచెం కడుపు కూడా మండింది. వేడి నేలకు మనం కొత్తవాళ్లమా?

మన దగ్గర కూడా అలాంటి కథ ఉంది, ఎక్కువమందికి తెలియదు, అంతే. కోయంబత్తూరులో చెరకు తొలుచు పురుగులో దొరికిన జాతిని పోయినార్, కరుణాకర్, డేవిడ్ అనే శాస్త్రవేత్తలు 1992లో ప్రపంచానికి చెప్పారు. దాని పేరు హెటెరోరాబ్డిటిస్ ఇండికా. తర్వాత అది ఉష్ణదేశాల్లో చాలాచోట్ల దొరికింది, ఈ రోజు చాలా దేశాల్లో వాడుతున్నారు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీన్ని పొడి రూపంలోకి తెచ్చి చెరకు, వక్క తోటల్లో వేరుపురుగు మీద పనిచేయించింది. డీడీ-136 చెయ్యలేని పని కోయంబత్తూరు మట్టి పురుగు చేసింది. దాన్ని ఎవరూ మార్చలేదు, కొత్త జన్యువులు ఎక్కించలేదు. సరైన చోట వెతికారు.

దీనికి ఎదురుమాట ఒకటి ఉంది, అందులో బలం ఉంది. స్టైనర్నీమాలో ఇప్పటికే 100కు పైగా జాతులకు పేర్లున్నాయి, హెటెరోరాబ్డిటిస్‌లో ఇంకో 20 దాకా. అమ్మకానికి వచ్చినవి పదీ పన్నెండుకు మించవు. ఉన్నవాటినే రైతుకు చేర్చలేనప్పుడు కొత్తవి ఎందుకు అంటారు. రైతుకు చేరడం కష్టమన్నది నేను స్వయంగా అనుభవించాను. ఒక వేసవిలో ఒక దుకాణంలో ఈ నులిపురుగుల ప్యాకెట్ కొన్నాను, రేకుల కప్పు కింద, కిటికీ పక్కన ఎండ పడే అరలో ఉంది. ఇంటికి తెచ్చి చిటికెడు నీళ్లలో కలిపి లెన్స్ కింద పెడితే అన్నీ సూదుల్లా నిటారుగా పడి ఉన్నాయి. బతికున్న పిల్ల మెలికలు తిరుగుతుంది, చచ్చింది బిగుసుకుపోతుంది. ఎకరాకు 100 కోట్ల పిల్లలు కావాలి. చచ్చిన 100 కోట్లను చల్లిన రైతు ఇంకోసారి ఆ వైపు చూస్తాడా? సాయంత్రం పూట, తడి నేల మీద, పంపు జల్లెడ తీసేసి చల్లాలని ఆ ప్యాకెట్ మీద ఒక్క ముక్క తెలుగులో లేదు.

కానీ ఇదే కదా నా వాదనకు ఆధారం! ఎక్కువ వేడిని, ఎక్కువ ఎండును తట్టుకునే జాతి దొరికితే అర మీద ఇంకొన్ని వారాలు బతుకుతుంది, దుక్కిలో ఇంకొన్ని రోజులు వేటాడుతుంది. దొరికిన ప్రతి జాతీ మందు కాదు, నిజమే. 100లో పది పనికొచ్చాయంటే ఆ పదీ ఆ 100 వెతికితేనే దొరికాయి. పైగా ఏ జాతి దేనికి పనికొస్తుందో ముందు చెప్పలేం. ఈ నులిపురుగుల పేగులోని ఫోటోరాబ్డస్ నుంచే 2019లో అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు డారోబాక్టిన్ అనే కొత్త యాంటీబయోటిక్‌ను బయటపెట్టారు. ఉన్న మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా మీద పనిచేసే రకం అది. శవం కుళ్లకుండా కాపాడుకునే ఆ విద్యే అక్కడ మనిషికి పనికొచ్చేలా ఉంది.

పేరు పెట్టడం అలంకారం అనుకునేవాళ్లకు ఇంకో మాట. ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో దొరికిన ఒక వేడి ఓర్చే స్టైనర్నీమా జాతిని 2000లో థర్మోఫిలం అన్నారు, తర్వాత చూస్తే అది అంతకుముందు ఒమన్‌లో దొరికిన అబ్బాసీ అనే జాతే. ఇలాంటి పొరపాటు సర్దుకోవచ్చు. సర్దుకోలేనివి కూడా ఉంటాయి. ఈ బ్యాక్టీరియా దాదాపు అన్నీ మనిషికి హాని చెయ్యవు, మన ఒంటి వేడికే నిలవవు. కానీ ఫోటోరాబ్డస్ అసింబయోటికా అనేది ఆస్ట్రేలియాలో, అమెరికాలో కొందరి పుళ్లలో దొరికింది. ఆస్ట్రేలియాలో దాని జాడ తీస్తే ఒక హెటెరోరాబ్డిటిస్ నులిపురుగు దగ్గర తేలింది. అందుకే దొరికినదాన్ని పెంచి చల్లేముందు అది ఎవరో, దాని పేగులో ఎవరున్నారో డీఎన్ఏ చదివి తేల్చుకోవాలి. రైతును పురుగుమందు నుంచి కాపాడుతున్నామని చెప్పేవాళ్లకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

మొక్క వైపు నుంచి కూడా ఒక సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మొక్కజొన్న వేరును పురుగు కొరికితే ఆ వేరు ఒక వాసన వదులుతుందని, ఆ వాసనకు నులిపురుగులు నడిచి వస్తాయని 2005లో స్విట్జర్లాండ్‌లో కనిపెట్టారు. అమెరికాలో పెంచే చాలా మొక్కజొన్న రకాలు ఆ వాసనను పోగొట్టుకున్నాయి. దిగుబడి చూసుకుంటూ రకాల్ని ఎంచుకుంటూ పోయారు, వేరుకున్న పిలిచే గుణం మధ్యలో ఎక్కడో రాలిపోయింది. మన శనక్కాయ రకాల్ని ఈ కళ్లతో కూడా చూడాలని నాకు చాలా కోరిక.

నా మామిడితోట నులిపురుగు ఏమైందో చెప్పాలి. ఆ నులిపురుగులున్న నీళ్లలో స్పాంజి ముక్కలు తడిపి, ఫ్లాస్కులో పెట్టి, చల్లటి గదిలో ఉంచాను. డీఎన్ఏ చదివించడానికి అప్పట్లో మా దగ్గర సదుపాయం లేదు, బయటికి పంపడానికి డబ్బు లేదు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు కరెంటు పోయింది, మూడు రోజులు ఎవరూ చూడలేదు. తిరిగొచ్చేసరికి ఫ్లాస్కు తెరవగానే కుళ్లు వాసన. అది ఇండికానో, ఎవరికీ తెలియనిదో నాకు ఇప్పటికీ తెలియదు. అలాంటి ఫ్లాస్కులు ఎన్ని కాలేజీల్లో ఎన్ని సంక్రాంతులకు పోయుంటాయో! రెండు రాష్ట్రాల్లో ఇన్ని వ్యవసాయ కాలేజీలున్నాయి. ప్రతి బ్యాచ్ పిల్లలూ తమ ఊరి మట్టి తెచ్చి డబ్బా పెడితే ఖర్చు ప్లాస్టిక్ డబ్బాలు, మైనపు పురుగులు. దొరికినవాటిని బతికించి ఉంచే ఒక్క చోటు, జనరేటర్ ఉన్న ఒక్క చల్లటి గది, జీతమిచ్చి పెట్టుకున్న ఒక్క మనిషి కావాలి. ఏటా పురుగుమందుల మీద పెట్టే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు.

ఈ ఏడాది తొలకరి పడగానే నాయన ఫోన్ చేశాడు. వేపచెట్టు నిండా పెంకుపురుగులున్నాయని, ఊళ్లో పిల్లల్ని పోగేసి రెండు రాత్రులు దులిపించానని చెప్పాడు. కాసేపు ధరల గురించి మాట్లాడాడు. పెట్టేసే ముందు, "మామ వాళ్ల తోటలో పెద్ద చెట్టు కింద మట్టి తీసి సంచిలో పోసినా. గోనెపట్టా తడిపి కప్పి, పశువుల కొట్టంలో నీడన పెట్టినా. ఎండిపోకముందే రా" అన్నాడు. డబ్బాలు కడిగి పెట్టాను. మైనపు పురుగుల కోసం తేనెటీగలు పెంచే ఒకాయనకు చెప్పాను. శనివారం బస్సెక్కుతున్నాను.